నాయకుడి వికీపీడియా వ్యాసాన్ని తూచడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఎన్నికలు దగ్గర పడితే చాలు, నాయకుల వికీపీడియా వ్యాసాల మీద దిద్దుబాట్లు మొదలవుతాయి. ఒకరు బిరుదులు చేరుస్తారు, ఇంకొకరు కేసులు చేరుస్తారు, మూడోవారు వచ్చి రెండూ తీసేస్తారు. ఈ గందరగోళంలో ఏ వాక్యాన్ని నమ్మాలో తెలియని పాఠకుల కోసం ఈ ప్రశ్నలు, జవాబులు. ఉదాహరణలు ఎక్కువగా పి.వి. నరసింహారావు జీవితం నుంచి తీసుకున్నాను. ఆయన 2004 డిసెంబరు 23న కన్నుమూశారు, కేసులన్నీ తేలిపోయాయి, కాగితాలు దండిగా ఉన్నాయి. పైగా మెచ్చేవారికీ తిట్టేవారికీ ఇప్పటికీ కొదవ లేదు. ఇప్పుడు పదవిలో ఉన్న నాయకుణ్ణి ఎంచుకుంటే, మొదటి జవాబు పూర్తికాక ముందే పాఠకులు రెండు జట్లుగా విడిపోతారు.

వ్యాసం చివర నూటయాభై మూలాలు ఉన్నాయి. మంచి వ్యాసమనే కదా అర్థం?

చెప్పలేం. పుట్టిన తేదీకి నాలుగు మూలాలు, ప్రమాణ స్వీకారానికి ఆరు, ఏదో ప్రారంభోత్సవంలో రిబ్బను కత్తిరించినందుకు మూడు ఉంటాయి. భూకబ్జా ఆరోపణ ఉన్న వాక్యానికి ఒక్కటీ ఉండదు. లక్షల కుటుంబాలు లబ్ధి పొందాయన్న వాక్యానికి ఉన్న ఒకే ఒక్క మూలం ఆ పార్టీ వెబ్‌సైటే అయి ఉంటుంది.

అంకెలు లెక్కపెట్టడం మానేసి, అభిమానికి గానీ ప్రత్యర్థికి గానీ కోపం తెప్పించే వాక్యాలు మూడు నాలుగు ఎంచుకోండి. పక్కనున్న అంకె నొక్కి మూలం తెరవండి. తెరుచుకుందా? అందులో ఆ విషయం ఉందా? ఉంటే, వ్యాసం చెప్పినంత గట్టిగా చెప్పిందా? ఎక్కువ వ్యాసాలు ఈ మూడో ప్రశ్న దగ్గరే బోల్తా పడతాయి. పత్రికలో ‘ఆరోపణలు వచ్చాయి’ అని ఉన్నది వ్యాసంలో ‘అవినీతికి పాల్పడ్డారు’ అయిపోతుంది. ‘శంకుస్థాపన చేశారు’ అన్నది ‘నిర్మించారు’ అవుతుంది. ఈ రెండోది మన దగ్గర మరీ ఎక్కువ. శంకుస్థాపన రాళ్లన్నీ ప్రాజెక్టులై ఉంటే రాయలసీమలో, పాలమూరులో కరవు అన్న మాటే వినిపించేది కాదు.

కుడిపక్క సమాచారపెట్టెలో ఉన్న పదవులు, తేదీలైనా సరిగ్గా ఉంటాయా?

ఉండాలి. కానీ తప్పులు ఎక్కువగా దాక్కునేది అక్కడే, ఎందుకంటే ఎవరూ అనుమానించరు. పి.వి. విషయమే చూడండి. 1971 సెప్టెంబరు 30న ముఖ్యమంత్రి అయ్యారు. ముల్కీ నిబంధనల (తెలంగాణ ఉద్యోగాల్లో స్థానికులకే అవకాశమన్న నియమాల) మీద సుప్రీంకోర్టు తీర్పు, దాని వెంట జై ఆంధ్ర ఉద్యమం వచ్చిపడి 1973 జనవరిలో దిగిపోయారు. ఆయన తరువాతి ముఖ్యమంత్రి జలగం వెంగళరావు. పెట్టెలో ‘తరువాత: జలగం వెంగళరావు’ అని మాత్రమే ఉంటే, జనవరిలోనే కుర్చీ చేతులు మారిందని పాఠకుడు అనుకుంటాడు. నిజానికి వెంగళరావు ప్రమాణం చేసింది 1973 డిసెంబరు 10న. మధ్యలో ఉన్నది రాష్ట్రపతి పాలన. ఆ ఒక్క మాట లేకపోతే తేదీలన్నీ సరిగ్గా ఉన్నా చరిత్ర తప్పుతుంది.

లోక్‌సభ స్థానాలు ఇంకో చిక్కు. ఆయన హనుమకొండ నుంచి 1977లోనూ 1980లోనూ, మహారాష్ట్రలోని రాంటెక్ నుంచి 1984లోనూ 1989లోనూ, నంద్యాల నుంచి 1991 ఉప ఎన్నికలో గెలిచారు. 1996లో నంద్యాలలోనూ ఒడిశాలోని బరంపురంలోనూ గెలిచి బరంపురాన్ని ఉంచుకున్నారు. 1991 జూన్ 21న ప్రధానిగా ప్రమాణం చేసేనాటికి ఆయన ఏ సభలోనూ సభ్యుడు కారు. ఇన్ని మలుపులు ఉన్న చోట ఒక చిన్న పెట్టె అన్నీ సరిగ్గా చూపిస్తోందంటే, దాన్ని ఎవరో ఒళ్లు దగ్గర పెట్టుకుని రాశారని లెక్క.

ఊళ్లు, జిల్లాల సంగతి కూడా. పి.వి. పుట్టిన లక్నేపల్లి, పెరిగిన వంగర వేర్వేరు ఊళ్లు. వంగర ఒకప్పుడు కరీంనగర్ జిల్లా, ఇప్పుడు హనుమకొండ జిల్లా. తెలంగాణలో 2016 అక్టోబరులో, ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాయి. మంచి వ్యాసం ‘అప్పటి’, ‘ఇప్పటి’ అని విడదీసి చెబుతుంది.

‘మొట్టమొదటి’, ‘రికార్డు మెజారిటీ’ లాంటి మాటలు కనిపిస్తే?

వెంటనే ఆగండి. ‘మొదటి ముఖ్యమంత్రి’ అంటే ఏ రాష్ట్రానికి? 1953 అక్టోబరు 1న ఏర్పడ్డ ఆంధ్ర రాష్ట్రానికి టంగుటూరి ప్రకాశం, 1956 నవంబరు 1న ఏర్పడ్డ ఆంధ్రప్రదేశ్‌కు నీలం సంజీవరెడ్డి, 1952 ఎన్నికల తరువాత హైదరాబాదు రాష్ట్రానికి బూర్గుల రామకృష్ణారావు. ముగ్గురి అభిమానులూ ‘మొదటి’ అనే రాస్తారు. రాష్ట్రం పేరు చెప్పకపోతే ముగ్గురూ తప్పే.

రికార్డులైతే పాలలాగా విరిగిపోతాయి. నంద్యాల ఉప ఎన్నికలో పి.వి.కి వచ్చిన మెజారిటీ దాదాపు 5 లక్షల 80 వేలు, అప్పటికి అది రికార్డు. 2004లో పశ్చిమ బెంగాల్‌లోని ఆరాంబాగ్‌లో అనిల్ బసు దాన్ని దాటారు, 2014లో మహారాష్ట్రలోని బీడ్ ఉప ఎన్నికలో ప్రీతమ్ ముండే ఆయన్నీ దాటారు. 2024లో ఇండోర్‌లో శంకర్ లాల్వానీ మెజారిటీ 11 లక్షల 75 వేలు. పాత వాక్యం పాతగానే ఉండిపోతే అది ఇప్పుడు అబద్ధం.

అంతకన్నా ముఖ్యమైనది, ఆ అంకె వెనుక ఏముందో వ్యాసం చెప్పిందా అన్నది. ప్రధాని అయిన తెలుగువాడి మీద పోటీ పెట్టబోమని ఎన్టీఆర్ ప్రకటించడంతో నంద్యాలలో తెలుగుదేశం అభ్యర్థి లేరు. ఇండోర్‌లో కాంగ్రెస్ అభ్యర్థి నామినేషన్ ఉపసంహరించుకున్నారు. ప్రధాన ప్రత్యర్థి లేని ఎన్నికలో వచ్చిన మెజారిటీని ఆ సంగతి దాచి రాస్తే, ఎన్నికల సంఘం లెక్కను మూలంగా చూపించినా పాఠకుణ్ణి తప్పుదారి పట్టించినట్టే.

ఏ మూలాన్ని దేనికి వాడాలి?

ఓట్ల లెక్కకు ఎన్నికల సంఘం గణాంక నివేదికలు. 1951–52 నుంచీ ఉన్నాయి, వాటికి మించినది లేదు.

లోక్‌సభ, శాసనసభ సభ్యుల పరిచయాలు పదవులకు, కమిటీలకు పనికొస్తాయి. అయితే ఆ వివరాలు చాలావరకు సభ్యులు నింపి ఇచ్చినవే. అభిరుచుల కింద ‘సమాజ సేవ, పుస్తక పఠనం’ అని ఉంటే దాన్ని సభ ధ్రువీకరించిందని అనుకోకండి.

ఎన్నికల అఫిడవిట్ బంగారు గని. సుప్రీంకోర్టు 2002, 2003 తీర్పుల పుణ్యమా అని అభ్యర్థులు ఫారం 26లో తమ మీదున్న కేసులు, తమవీ జీవిత భాగస్వామివీ తమ మీద ఆధారపడిన వారివీ ఆస్తులు, అప్పులు, చదువు ప్రమాణపూర్వకంగా చెప్పాలి. కానీ అది స్వీయ ప్రకటన. ‘అఫిడవిట్‌లో ఇలా పేర్కొన్నారు’ అని రాయాలి తప్ప ‘ఆయన ఆస్తి ఇంత’ అని తీర్పు ఇవ్వకూడదు. ఒకే నాయకుడి 2009, 2014, 2019, 2024 అఫిడవిట్లు పక్కపక్కన పెట్టి చదివితే కాలక్షేపానికి లోటుండదు. అయితే ఆ పోలిక నుంచి మీరు తీసిన నిర్ణయాన్ని వ్యాసంలో రాయకూడదు. మౌలిక పరిశోధనకు వికీపీడియాలో చోటు లేదు. పత్రికో పరిశోధకుడో ఆ పోలిక ప్రచురిస్తే దాన్ని ఉటంకించవచ్చు.

జీవితానికి అర్థం చెప్పడానికి, అంటే ఒక నిర్ణయం ఎందుకు తీసుకున్నారు, ఫలితమేమిటి అన్నదానికి, చరిత్రకారులు, స్వతంత్ర జీవితచరిత్రకారులు కావాలి. పత్రికా వార్త మరునాటి ఉదయం వరకే చూడగలదు.

కోర్టు కేసుల గురించి ఎలా రాసి ఉంటే నమ్మవచ్చు?

ఏ దశలో ఏం జరిగిందో విడివిడిగా ఉండాలి: ఎఫ్‌ఐఆర్, ఛార్జిషీటు, అభియోగాల నమోదు, తీర్పు, అప్పీలు. నిందితుడు వేరు, దోషి వేరు. మన రాతల్లో ఈ గీత తరచుగా చెరిగిపోతుంది.

జార్ఖండ్ ముక్తి మోర్చా ముడుపుల కేసును గీటురాయిగా పెట్టుకోండి. 1993 జూలై 28న పి.వి. ప్రభుత్వం అవిశ్వాస తీర్మానాన్ని 265–251 ఓట్లతో గట్టెక్కింది. ఓట్ల కోసం ఆ పార్టీ సభ్యులకు డబ్బు ముట్టిందని కేసు నడిచింది. 1998లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, డబ్బు తీసుకుని సభలో ఓటు వేసిన సభ్యులకు రక్షణ ఉంటుందనీ, ఇచ్చినవారికి ఉండదనీ 3–2తో చెప్పింది. 2000లో ఢిల్లీ ప్రత్యేక కోర్టు పి.వి.ని దోషిగా తేల్చి మూడేళ్ల శిక్ష వేసింది. 2002లో ఢిల్లీ హైకోర్టు ఆ శిక్షను కొట్టేసింది. 2024 మార్చి 4న సీతా సోరెన్ కేసులో ఏడుగురు న్యాయమూర్తులు 1998 నాటి సూత్రాన్ని తోసిపుచ్చారు.

2000 దగ్గర ఆగిపోయిన వ్యాసం విరోధి రాసినది. 2002 మాత్రమే చెప్పే వ్యాసం అభిమాని రాసినది. 2024 తీర్పును చూపించి పి.వి. మళ్లీ దోషి అయినట్టు ధ్వనించే వ్యాసం తీర్పు చదవని వారు రాసినది. ఆ తీర్పు మార్చింది చట్టసభ సభ్యుల రక్షణకు సంబంధించిన సూత్రాన్ని, ఆయన విడుదలను కాదు.

మన పత్రికలన్నీ ఏదో ఒక పక్షానివే. ఇక మూలం ఎక్కడ దొరుకుతుంది?

పక్షం ఉన్నంత మాత్రాన పనికిరాకుండా పోదు. విశాలాంధ్ర సీపీఐది, ప్రజాశక్తి సీపీఎంది అని అందరికీ తెలుసు, వాళ్లూ దాచుకోరు. సాక్షి వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి స్థాపించినది. 1983 ఎన్నికల్లో ఎన్టీఆర్‌కు ఈనాడు అండగా నిలిచిందన్నది తెలుగు పత్రికా చరిత్రలో పాత సంగతి. ఏ పత్రికైనా తనకు ఇబ్బంది కలిగించే విషయాన్ని ఒప్పుకున్నప్పుడు ఆ వార్తకు బరువెక్కువ. సభ ఎక్కడ జరిగింది, ఎవరు రాజీనామా చేశారు వంటి వాటికి ఏదైనా చాలు. ఎవరు ఎందుకు చేశారన్నదానికి మాత్రం కనీసం రెండు వైపుల నుంచీ చూడాలి.

1995 ఆగస్టులో తెలుగుదేశంలో జరిగినది ఇందుకు మంచి పరీక్ష. ఒక వైపువారికి అది వెన్నుపోటు, ఇంకో వైపువారికి పార్టీని కాపాడుకోవడం. ఎమ్మెల్యేలు హోటల్లో చేరారు, సెప్టెంబరు 1న చంద్రబాబు నాయుడు ప్రమాణం చేశారు. ఇవి జరిగిన విషయాలు. పై రెండు మాటల్లో ఒకదాన్ని వ్యాసం తన గొంతుతో వాడితే వికీపీడియా కోరే తటస్థ దృక్కోణం గాలికి పోయినట్టే. ‘ఫలానా వారు ఇలా అన్నారు’ అని ఎవరి మాట వారికి అప్పజెబితే సరిపోతుంది.

పాత కాలానికి వెళ్లాలంటే ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించిన ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక వంటి సంచికలు ఉన్నాయి. ఓపిక కావాలి, అంతే.

వార్తలాగే ఉంది, కానీ ప్రకటనలా అనిపిస్తోంది. ఎలా పోల్చుకోవాలి?

2009 ఎన్నికల తరువాత ప్రెస్ కౌన్సిల్ పెయిడ్ న్యూస్ మీద విచారణ చేయించిందంటే వ్యాధి ఎంత ముదిరిందో ఊహించుకోవచ్చు. 2011లో ఉత్తరప్రదేశ్ ఎమ్మెల్యే ఉమ్లేశ్ యాదవ్‌ను ఈ కారణంగానే ఎన్నికల సంఘం అనర్హురాలిగా ప్రకటించింది. ఆనవాళ్లు చెబుతాను: విలేకరి పేరు ఉండదు, ప్రత్యర్థి ప్రస్తావన ఉండదు, గ్రామగ్రామానా నీరాజనాలు మాత్రం ఉంటాయి. అవే వాక్యాలు అదే రోజు ఇంకో పత్రికలోనూ కనిపిస్తాయి. నామినేషన్లకూ పోలింగుకూ మధ్య వచ్చిన పొగడ్త వార్త ఏదైనా సరే, వ్యాసానికి మూలంగా నేను లెక్కలోకి తీసుకోను.

వికీపీడియాలో ఉన్నదే పత్రికలో వచ్చింది. అంటే నిర్ధారణ అయినట్టేనా?

ఏది ముందు వచ్చిందో చూడండి. 2009 ఫిబ్రవరిలో జర్మనీలో కార్ల్-టెయోడోర్ సు గుట్టెన్‌బెర్గ్ ఆర్థిక వ్యవహారాల మంత్రి కాబోతున్నారు. ఆయనకు అసలే పది ముందు పేర్లు. ఎవరో అజ్ఞాత వాడుకరి జర్మన్ వికీపీడియాలో ఆ వరుస మధ్యలో ‘విల్‌హెల్మ్’ అని పదకొండోది చొప్పించాడు. మరునాడు పత్రికలు దాన్ని యథాతథంగా అచ్చేశాయి, బిల్డ్ మొదటి పేజీలోనే వేసింది. వికీపీడియాలో ఎవరో అనుమానించి ఆధారం అడిగితే, వికీపీడియాను చూసి రాసిన ఆ వార్తల్లోనే ఒకటి ఆధారమై కూర్చుంది. ఆ మంత్రే 2011లో, డాక్టరేట్ సిద్ధాంత గ్రంథంలో ఇతరుల రాతలు ఎత్తిరాసినట్టు బయటపడి రాజీనామా చేయడం కొసమెరుపు.

మన దగ్గర కూడా నాయకుల జయంతి, వర్ధంతి వ్యాసాల్లో వికీపీడియా పేరాలు పేరాలే కనిపిస్తాయి. పత్రికా వార్త తేదీ, వ్యాసంలో జరిగిన మార్పులన్నీ నమోదయ్యే ‘చరిత్ర’ పేజీలో ఆ వాక్యం చేరిన తేదీ పోల్చి చూడండి. వ్యాసం ముందుంటే ఆ వార్త మూలం కాదు.

నాయకుడి ఆత్మకథ, అభినందన సంచిక వాడవచ్చా?

ఆత్మకథను చిన్ననాటి సంగతులకు, ఆయన అభిప్రాయాలకు వాడవచ్చు, ‘ఆయన రాసుకున్న ప్రకారం’ అని చెప్పి. అభినందన సంచికలో ఫొటోల కింది తేదీలు పనికొస్తాయి. పి.వి. విషయంలో ఒక ప్రత్యేకమైన గోతి ఉంది. 1998లో వచ్చిన ఆయన నవలలో కథానాయకుడి జీవితం ఆయన జీవితానికి దగ్గరగా నడుస్తుంది. అంతమాత్రాన ఆ పాత్రకు జరిగినవన్నీ పి.వి.కి జరిగినట్టు రాసేస్తే అది జీవితచరిత్ర అనిపించుకోదు.

పొగడ్త మాటలున్నా సమాచారం సరిగ్గానే ఉంటే తప్పేముంది?

‘బడుగుల ఆశాజ్యోతి’, ‘మచ్చలేని మనిషి’, ‘అపర చాణక్యుడు’. వీటికి మూలం ఎవరూ ఇవ్వలేరు, ఇవ్వరు కూడా. తీసేసి చూడండి, వాక్యంలో ఏమైనా మిగిలితే అది సమాచారం. ‘బహుభాషావేత్త’ పి.వి.కి చెల్లుతుంది. అయితే ఆయనకు ఎన్ని భాషలు వచ్చన్న అంకె ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. అంకె కన్నా విశ్వనాథ సత్యనారాయణ వేయిపడగలను ఆయన హిందీలోకి అనువదించారన్న ఒక్క వాక్యం ఎక్కువ చెబుతుంది.

వ్యాసంలో లేనిదాన్ని ఎలా పట్టుకోవడం?

అన్నిటికన్నా కష్టమైన పని ఇదే. వ్యాసం చదవకముందే, ఈ మనిషి పేరు చెప్పగానే గుర్తుకొచ్చే నాలుగైదు విషయాలు కాగితం మీద రాసుకోండి. పి.వి. అయితే: ముఖ్యమంత్రిగా భూసంస్కరణలు, 1991 ఆర్థిక సంస్కరణలు, 1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూల్చివేత, ముడుపుల కేసు, 2024లో ప్రకటించిన భారతరత్న. తరువాత ఏ విషయానికి ఎన్ని పేరాలు ఇచ్చారో చూడండి. సంస్కరణలకు పది పేరాలు, బాబ్రీకి ఒక వాక్యం ఉన్నా, దానికి తలకిందులుగా ఉన్నా, మూలాలు ఎంత గట్టివైనా తూకం తప్పినట్టే. 1991 జూలై 24 బడ్జెట్ గురించి రాస్తూ ఆర్థిక మంత్రి మన్మోహన్ సింగ్ పేరే ఎత్తని వ్యాసాన్ని, ఆయన పేరు తప్ప ప్రధాని పేరు ఎత్తని వ్యాసాన్ని ఒకే గాటన కట్టవచ్చు.

‘చర్చ’, ‘చరిత్ర’ పేజీలు సాధారణ పాఠకుడికి అవసరమా?

రాజకీయ నాయకుల విషయంలో తప్పనిసరి. వ్యాసాన్ని ఒకే వాడుకరి మొదటి నుంచీ చివరి దాకా రాసి, ఇంకే వ్యాసమూ ముట్టుకోకపోతే అనుమానించండి. ఒకే పేరాను రోజుకు మూడుసార్లు తీసి మూడుసార్లు పెడుతుంటే అసలు గొడవ అక్కడే ఉందన్నమాట. వ్యాసంలో కన్నా ఆ గొడవలోనే ఎక్కువ తెలుసుకోవచ్చు. తొలగించిన వాక్యాలు పాత కూర్పుల్లో భద్రంగా ఉంటాయి, మూలాలతో సహా.

కులం ప్రస్తావన ఉండాలా?

మన దగ్గర అజ్ఞాత వాడుకరులు మొట్టమొదట చేర్చేది ఇదే. రాజకీయ జీవితానికి నేరుగా సంబంధం ఉండి, గట్టి మూలం ఉంటే ఉండవచ్చు: దామోదరం సంజీవయ్య దేశంలోనే తొలి దళిత ముఖ్యమంత్రి అన్నది చరిత్ర. ఇంటిపేరును బట్టి ఊహించి రాసినది, బతికున్నవారి విషయంలో వారే చెప్పుకోనిది ఉండకూడదు.

తెలుగు వ్యాసం ఇంగ్లీషు నుంచి అనువాదమైతే మూలాలు కూడా సరైనవే కదా?

అనువాదంతో పాటు మూలాలు నడిచొస్తాయి, వాటిని తెరిచి చూసిన వారు రారు. ఇంగ్లీషు వ్యాసంలో ఆ తరువాత సరిదిద్దిన తప్పు తెలుగులో అలాగే ఉండిపోతుంది. సంజీవరెడ్డి పుట్టింది 1913 మే 18 అని కొన్నిచోట్ల, మే 19 అని కొన్నిచోట్ల ఉంది. ఇలాంటప్పుడు రెండు తేదీలనూ వాటి మూలాలతో ఇవ్వడం నిజాయితీ.

లింకు తెరుచుకోకపోతే?

పాత వెబ్‌పేజీల నకళ్లు దాచిపెట్టే వేబ్యాక్ మెషీన్‌లో వెతకండి. ప్రభుత్వ వెబ్‌సైట్ల చిరునామాలు మారినప్పుడల్లా వందల లింకులు చస్తాయి. లింకు చచ్చినా పత్రిక పేరు, తేదీ, శీర్షిక ఉంటే మూలం బతికున్నట్టే. అవేవీ లేకుండా ఉత్త లింకు ఒక్కటే ఉంటే మాత్రం ఆశ వదులుకోవచ్చు.

తప్పు కనిపించింది. నేను ఆ పార్టీ కార్యకర్తను. దిద్దవచ్చా?

నేరుగా దిద్దకండి. చర్చ పేజీలో మీరెవరో చెప్పి, తప్పేమిటో, సరైనదానికి మూలమేమిటో రాయండి. ఇతరులు చూసి మారుస్తారు. దొంగచాటుగా దిద్దితే పట్టుబడతారు. 2006లో అమెరికా కాంగ్రెస్ సభ్యుల కార్యాలయాల నుంచి వ్యాసాలు మార్చిన సంగతి బయటపడినప్పుడు, తొలగించిన వాక్యాలకు అంతకు ముందు లేని ప్రచారం వచ్చింది.

ఒక్క మినహాయింపు: బతికున్న వ్యక్తి మీద మూలం లేని నిందను ఎవరైనా తక్షణం తీసేయవచ్చు. 2005లో అమెరికా పాత్రికేయుడు జాన్ సీగెన్‌థాలర్‌ను కెనెడీ సోదరుల హత్యలతో ముడిపెట్టిన కట్టుకథ ఆయన వ్యాసంలో నెలల తరబడి ఉండిపోయింది. ఆ తరువాతే బతికున్నవారి జీవిత వ్యాసాలకు కఠిన నియమాలు వచ్చాయి.

పార్టీతో సంబంధం లేని పాఠకులైతే ‘సవరించు’ నొక్కి దిద్ది, మూలం చేర్చి, ఎందుకు మార్చారో దిద్దుబాటు సారాంశంలో ఒక ముక్క రాయండి. మూలం దొరకకపోతే ‘ఆధారం చూపాలి’ మూస (వాక్యం పక్కన కనిపించే గుర్తు) పెట్టండి. ఎవరైనా తిరగగొడితే మళ్లీ పెట్టకుండా చర్చ పేజీకి వెళ్లండి. అక్కడ కూడా తేలకపోతే వాడుకరులందరూ చర్చించుకునే రచ్చబండ పేజీలో అడగండి, నిర్వాహకులు చూస్తారు.